చాందా దొర.. అహేరి కబురు

● అడవిలో గెలవలేక ఉత్తరంతో గెలిచిన కెప్టెన్ క్రైటన్
● 1858 తిరుగుబాటులో సగం ఊళ్లు తెలుగు పేర్లవే

చంద్రపూర్: బొగ్గు బావుల పుణ్యమా అని పెరిగిన లాల్‌పేట్‌లో ఉండే తెలుగోళ్లకు చంద్రపూర్ జైలు తెలియనిదేం కాదు. ఏటా అక్టోబరు 21 వచ్చిందంటే ఆ జైలు దగ్గర జనం పోగవుతారు. గడ్చిరోలి అడవుల నుంచి, రాజురా వైపు నుంచి ఆదివాసీలు వస్తారు. రావి చెట్టును తలచుకుంటారు, దండలు వేస్తారు, దండం పెట్టుకుని వెళ్తారు. 1858లో అదే రోజున అక్కడ ఉరికంబం ఎక్కిన గోండు జమీందారు బాబూరావు సెడ్మాకె కోసమే ఇదంతా. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. 2009లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు కూడా విడుదల చేసింది.

మరి ఉరికంబం దాకా తీసుకెళ్లిన దొర ఎవరు? అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఆయన పేరు కెప్టెన్ డబ్ల్యూ.హెచ్. క్రైటన్. ఇంగ్లిషు స్పెల్లింగును ఉన్నదున్నట్టు చదివితే క్రిక్టన్ అవుతుంది గానీ, వాళ్ల దేశంలో పలికేది క్రైటన్ అనే. అప్పట్లో చాందా జిల్లా డిప్యూటీ కమిషనర్. ఝాన్సీని ముట్టడించిన హ్యూ రోజ్‌లా విగ్రహాలు, పతకాలు తెచ్చిపెట్టే యుద్ధాలు ఆయన చేయలేదు. చరిత్రలో ఆయనకు దక్కిన చోటంతా 1858లోని ఎనిమిది నెలలే. మార్చిలో మొదలై అక్టోబరులో ముగిసింది. ఆ ఎనిమిది నెలల్లో పటాలం చేయలేని పనిని ఒక ఉత్తరం చేసింది.

కెప్టెన్‌కు కలెక్టరు పనేంటి?

పటాలంలో ఉండాల్సిన కెప్టెన్ జిల్లాను ఏలడమేంటని ఇప్పటివాళ్లకు అనుమానం రావచ్చు. అప్పటి పద్ధతే అంత. 1853 డిసెంబరు 11న నాగపూర్ రాజు మూడో రఘోజీ భోంస్లే వారసుడు లేకుండా చనిపోయాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఇదే అదనుగా రాజ్యాన్ని కంపెనీలో కలిపేసుకున్నాడు. దాంతోపాటే చాందా కూడా పోయింది. 1854 డిసెంబరులో చాందాకు వచ్చిన మొదటి డిప్యూటీ కమిషనర్ ఆర్.ఎస్. ఎల్లిస్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి. కానీ కొత్తగా కలుపుకున్న ఇలాంటి ఇలాకాల్లో కంపెనీ సైనికాధికారులనే ఎక్కువగా కూర్చోబెట్టేది. పన్ను వసూలు చేసేది ఆయనే, పోలీసును నడిపేది ఆయనే, కేసు విచారించేది ఆయనే. అడవిలో అలజడి రేగితే గుర్రమెక్కాల్సిందీ ఆయనే. ఒక్క మనిషి, నాలుగు టోపీలు.

చాందాకు తెల్లదొరల పటాలం కొత్తేం కాదు. 1818 మేలో కర్నల్ ఆడమ్స్ ఫిరంగులతో వచ్చి కోట గోడ పగలగొట్టాడు. కిల్లేదారు గంగాసింగ్ పోరాడుతూ ప్రాణాలు వదిలాడు. తర్వాత పన్నెండేళ్లు కెప్టెన్ క్రాఫర్డ్ జిల్లా వ్యవహారాలు చూశాడు. ఆడమ్స్‌కు గోడ దొరికింది కాబట్టి ఫిరంగి పనికొచ్చింది. క్రైటన్‌కు ఎదురైంది అడవి. దానికి గోడ లేదు, తలుపు లేదు.

అప్పటి చాందా జిల్లా ఇప్పటి చంద్రపూర్ అంత కాదు. 1982లో వేరుపడిన గడ్చిరోలిలో చాలా భాగం అందులోదే. వైన్‌గంగ దాటాక అంతా జమీందారీలే. అన్నిటికన్నా పెద్దది అహేరి. సుమారు 2,600 చదరపు మైళ్లు. అహేరి నుంచి కిందికి సిరొంచ వైపు వెళ్లేకొద్దీ జనం మాట తెలుగే. బొగ్గు కోసం, కాగితం మిల్లు కోసం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మనవాళ్లు రైలెక్కి రావడం 20వ శతాబ్దం సంగతి. అక్కడి తెలుగు అంతకన్నా చాలా పాతది.

రాజుకున్న అడవి

అహేరి జమీందారీ కింద ఉండే చిన్న జమీందారు బాబూరావు. ఊరు మోలంపల్లి. ఏలుబడి 24 ఊళ్లని చెబుతారు. రాయ్‌పూర్‌లో ఇంగ్లిషు చదువు చదివాడని, తిరిగొచ్చాక గోండు కుర్రాళ్లను కూడగట్టి ‘జంగోమ్ దళ్’ పెట్టాడని ఇక్కడి కథనం. ఆయనకు తోడైనవాడు అర్పల్లి, ఘోట్ జమీందారు వెంకటరావు. వీళ్లిద్దరి బలగంలో గోండులతోపాటు రోహిల్లాలూ ఉన్నారు. రోహిల్లాలంటే పఠాన్ సిపాయిలు. జీతానికి కత్తి పట్టేవాళ్లు. రాజులు పోయాక కొలువులు పోయి తిరుగుతున్నవాళ్లు.

ఈ కలయిక చాందాకే పరిమితం కాదు. పెన్‌గంగ అవతల నిర్మల్ వైపు రాంజీ గోండు నడిపిన పోరులోనూ గోండులు, రోహిల్లాలు భుజం కలిపారు. 1860లో రాంజీ గోండును ఉరి తీశారు. ఆ కథ తెలంగాణలో చాలామందికి తెలుసు. ఇటు బాబూరావు పేరు మాత్రం అటు అంతగా పాకలేదు. నది ఒకటే అయినా చదువుకునే పుస్తకాలు వేరు కదా.

1858 మార్చిలో బాబూరావు రాజగఢ్ పరగణా మీద పడ్డాడు. బ్రిటిష్ గెజిటియర్ దీన్ని ‘దోపిడీ’ అని మొదలుపెట్టి, రెండు వాక్యాలు దాటగానే ‘తిరుగుబాటు’ అంటుంది. కబురు అందగానే క్రైటన్ చాందా నుంచి బలగాన్ని పంపాడు. మార్చి 13న నందగావ్-ఘోసరి దగ్గర పోరు జరిగింది. కంపెనీ బలగానికి దెబ్బ తగిలింది. తర్వాత మూల్ తాలూకాలోని గడీసుర్లా గుట్టను చుట్టుముట్టారు. గుట్ట మీంచి గోండులు బండరాళ్లు దొర్లించారని జనం ఇప్పటికీ చెబుతారు. ఏప్రిల్‌లో సగనాపూర్, బామన్‌పేట దగ్గర మళ్లీ ఢీకొన్నారు. బాబూరావు మాత్రం చిక్కలేదు.

క్రైటన్‌కు అదనపు పటాలం అడగడానికీ వీల్లేని కాలమది. ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఉత్తరాన లక్నో, ఝాన్సీల కోసం పెద్ద యుద్ధాలు నడుస్తున్నాయి. నాగపూర్‌లో కమిషనర్ ప్లౌడెన్‌కు సొంత భయాలున్నాయి. అంతకు ముందు ఏడాది, 1857 జూన్ 13 రాత్రి నాగపూర్ రిసాలా లేవబోయి ఆగింది. కాంప్టీలోని మద్రాసు సిపాయిలు కంపెనీ పక్షానే నిలబడబట్టి నాగపూర్ దక్కింది. ఆ సిపాయిలను చాందా అడవికి పంపేస్తే నాగపూర్‌ను ఎవరు చూడాలి? అందుకే క్రైటన్ చేసింది ఒకటే. అలజడి అడవి దాటి మైదానం ఊళ్లలోకి రాకుండా కట్టడి చేయడం. కట్టడి కుదిరింది. పట్టుకోవడమే కుదరలేదు.

ప్రాణహిత ఒడ్డున ఆ రాత్రి

ఏప్రిల్ 29 రాత్రి వ్యవహారం మలుపు తిరిగింది. ప్రాణహిత ఒడ్డున చిచ్‌గుండి దగ్గర టెలిగ్రాఫ్ ఉద్యోగుల మకాం ఉంది. గార్ట్‌లాండ్, హాల్, పీటర్ అనే ముగ్గురు అక్కడున్నారు. తిరుగుబాటుదారులు మకాం మీద పడ్డారు. గార్ట్‌లాండ్, హాల్ చనిపోయారు. పీటర్ తప్పించుకుని బయటపడ్డాడు. సంగతి క్రైటన్‌కు చేరింది.

టెలిగ్రాఫ్ వాళ్లను కొట్టడమంటే మామూలు సంగతి కాదు. 1857లో సిపాయిలు లేచినప్పుడు కంపెనీని నిలబెట్టిన వాటిలో తీగ ఒకటని దొరలే రాసుకున్నారు. ఒకచోట గొడవ జరిగితే గంటల్లో మరోచోట తెలిసిపోయేది. పరగణాలో ధాన్యం పోతే అది చాందా తలనొప్పి. తీగ పని చేసే ఇద్దరు తెల్లవాళ్లు పోతే నాగపూర్ కుర్చీ కూడా కదులుతుంది. బాబూరావు తల మీద వెయ్యి రూపాయల బహుమానం ప్రకటించారని అంటారు. డబ్బుకు ఆశపడి అడవిలో ఎవరూ నోరు విప్పలేదు.

అప్పుడు క్రైటన్ కత్తి పక్కనపెట్టి కలం తీశాడు. అహేరి జమీందారిణి లక్ష్మీబాయికి కబురు పంపాడు.

ఇద్దరు లక్ష్మీబాయిలు

అదే ఏడాది, అదే వేసవి. ఉత్తరాన ఝాన్సీ లక్ష్మీబాయి గుర్రం మీద పోరాడుతూ జూన్‌లో గ్వాలియర్ దగ్గర నేలకొరిగింది. దక్షిణాన అహేరి లక్ష్మీబాయి చేతిలో చాందా దొర ఉత్తరం ఉంది. ఒకే పేరు, రెండు దారులు.

ఆ ఉత్తరం వెనకున్న లెక్క తెలిస్తేనే క్రైటన్ తెలివి అర్థమవుతుంది. అడవి జమీందారీల్లో పోలీసు పని జమీందారుదే. తన హద్దులో దొంగతనం జరిగినా, హత్య జరిగినా జవాబు చెప్పాల్సింది జమీందారే. మోలంపల్లి అహేరి కిందిది. అంటే బాబూరావు లక్ష్మీబాయి మనిషి కిందే లెక్క. నీ కింద ఉన్నవాడు సర్కారు మీద తిరగబడితే నువ్వు పట్టివ్వాలి, లేదంటే నువ్వూ వాడితో ఉన్నట్టే.. ఇదీ దొర బిగించిన ఉచ్చు. పట్టివ్వకపోతే అహేరి జమీందారీయే జప్తు అవుతుందని బెదిరించాడన్నది ఈ ప్రాంతంలో అందరూ చెప్పే మాట. నాలుగేళ్ల కిందటే వారసుడు లేడన్న వంకతో నాగపూర్ రాజ్యాన్నే మింగినవాళ్లు అహేరిని వదులుతారా? ఆ భయం ఉత్తి భయం కాదు. నాగపూర్‌లోనూ భోంస్లేల ఇంటి పెద్దావిడ బాకాబాయి కంపెనీ వైపే మొగ్గి తనవాళ్లను కదలనీయలేదు.

లక్ష్మీబాయిని ద్రోహి అని ఒక్క మాటలో కొట్టేసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. అంత తేలిగ్గా తేల్చే విషయం కాదది. ఆమె ముందున్నవి రెండే దారులు. ఒకటి, తన కింది చిన్న జమీందారుతో కలిసి మొత్తం పోగొట్టుకోవడం. రెండోది, అతన్ని ఇచ్చేసి మిగతాది కాపాడుకోవడం. ఆ ఉచ్చు బిగించినవాడు చాందాలో కూర్చున్నాడు. నింద మాత్రం అహేరికి అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు. చేతికి మట్టంటకుండా పని కానివ్వడమంటే ఇదే. క్రైటన్ కొలువులో అసలైన ఘనకార్యం అదేననాలి, ఘనకార్యం అనదలుచుకుంటే.

దొరికాడు.. జారాడు.. దొరికాడు

లక్ష్మీబాయి రోహిల్లా సిపాయిలను పంపింది. బాబూరావు వైపున్నదీ రోహిల్లాలే, పట్టుకోవడానికి వెళ్లిందీ రోహిల్లాలే. జులైలో భోపాలపట్నంలో ఆయన నిద్రలో ఉండగా పట్టుకున్నారు. ఇంద్రావతి అవతల బస్తర్ సీమలో ఉన్న ఆ ఊళ్లోనూ తెలుగు బాగానే వినిపిస్తుంది. పట్టుకున్నాక దారిలో బాబూరావు వాళ్లతో మాట్లాడాడట. తాను ఎవరి మీద, ఎందుకు తిరగబడ్డాడో చెప్పాడట. అది విన్న సిపాయిలే ఆయన్ను వదిలేశారని కథ. రెండో సారి అలా జరగలేదు. 1858 సెప్టెంబరు 18న అహేరి మనుషులకు చిక్కాడు. ఈసారి నేరుగా చాందాకు తరలించారు.

అక్కడి నుంచి ఉరికంబం దాకా పట్టింది 33 రోజులు. విచారణ చాందాలోనే. జిల్లాలో పోలీసుకూ కచేరీకీ పెద్ద ఒక్కడే అయినప్పుడు ఆ విచారణ ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు. 1857 నుంచి రాజద్రోహం కేసులను ఆలస్యం లేకుండా తేల్చేందుకు ప్రత్యేక చట్టాలూ వచ్చి ఉన్నాయి. అక్టోబరు 21న జైల్లో ఉరి తీశారు. ఉరితాడు ఒక్కసారికి పని చేయలేదని, మళ్లీ మళ్లీ బిగించాల్సి వచ్చిందని పాటల్లో, మాటల్లో చెప్పుకుంటారు. జనం తమవాడనుకున్న మనిషిని అంత తేలిగ్గా చావనివ్వరు.

వెంకటరావు ముందే బస్తర్ చేరాడు. రెండేళ్లు అక్కడే తలదాచుకున్నాడు. 1860లో బస్తర్ రాజే ఆయన్ను పట్టి అప్పగించాడు. అహేరిలో పారిన పాచికే మళ్లీ పారింది. ఒక గోండు పెద్దను పట్టడానికి కంపెనీ పటాలం అడవంతా గాలించనక్కర్లేదు, పక్క సంస్థానం పెద్దను కదిలిస్తే చాలు. వెంకటరావుకు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. ఆస్తి జప్తయింది.

దొర కథ రాసిందీ దొరే

క్రైటన్ తర్వాత కొన్నేళ్లకు చాందా డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన మేజర్ సి.బి. లూసీ స్మిత్ కూడా పటాలం మనిషే. అయితే ఆయన చేతిలో కత్తి కన్నా కొలత గొలుసు, లెక్కల పుస్తకం ఎక్కువ ఆడాయి. జిల్లా భూమి శిస్తు బందోబస్తు మీద 1869లో పెద్ద నివేదిక రాశాడు. గోండు రాజుల పుట్టుపూర్వోత్తరాలు, ఎవరి తర్వాత ఎవరు ఏలారు, చాందా ఊరు ఎలా పుట్టింది.. అన్నీ అందులో పెట్టాడు. కుందేలు కుక్కను తరిమిన చోట కోట కట్టారన్న కథ, పుస్తకాలకెక్కి నిలిచింది ఆయన నివేదికతోనే. గోండు రాజుల మొదటి రాజధాని సిర్పూర్ అని రాసిందీ ఆయనే. అంటే ఇప్పుడు తెలంగాణ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న ఊరు. ఆ రాజులకు ఆయన వేసిన ఏళ్ల లెక్కను తర్వాతి చరిత్రకారులు అంతగా నమ్మలేదు. 19 మంది రాజులకు దాదాపు 900 ఏళ్లు పంచిపెడితే ఒక్కొక్కరు నలభై ఏడేళ్లకు అటూఇటూగా ఏలాలి మరి!

1870లో ఛార్లెస్ గ్రాంట్ అచ్చు వేసిన సెంట్రల్ ప్రావిన్సెస్ గెజిటియర్‌లోకి, ఆ తర్వాత 1909 జిల్లా గెజిటియర్‌లోకి 1858 సంగతులు చేరాయి. క్రైటన్ గురించి ఇవాళ ఎవరు రాసినా ముందు తిరగేసేది ఆ పేజీలనే. వాటిలో క్రైటన్ ‘చర్యలు తీసుకున్న’ అధికారి. బాబూరావు చిల్లర జమీందారు. లక్ష్మీబాయి విధేయురాలు. మకాం మీద దాడిలో పోయిన ఇద్దరికీ పేర్లున్నాయి. గడీసుర్లా గుట్ట మీద, ఘోసరి దగ్గర పోయిన గోండులకు పేర్లు లేవు.

ఆ లోటును పూడ్చింది గోండుల నోటి మాటే. తర్వాత మరాఠీలో పుస్తకాలు వచ్చాయి. తెలుగులో ఈ కథ దాదాపు లేదు. చిత్రమేమంటే మోలంపల్లి, అర్పల్లి, బామన్‌పేట.. ఈ పేర్లన్నీ మన చెవికి పరాయివి కావు. పల్లి, పేట అని ఊళ్లకు పేరు పెట్టుకున్న నేల మీద నడిచిన పోరు ఇది. కంపెనీ తర్వాత సర్కారు గీసిన గీతలే ఈ నేలను ముక్కలు చేశాయి. సిరొంచ కేంద్రంగా 1860లో ఎగువ గోదావరి జిల్లా పెట్టారు. 1874లో దాన్ని తీసేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు పోయాయి. సిరొంచ చాందాకు వచ్చింది. అలా అటు పోయినవాళ్లకు బాబూరావు తెలియకుండా పోయాడు, ఇటు మిగిలినవాళ్లకు ఆయన మరాఠీ పాఠంలో దొరికాడు. లాల్‌పేట్, బల్లార్‌పూర్ బడుల్లో చదివిన తెలుగు పిల్లల సంగతీ అంతే.

67 ఊళ్ల బహుమానం

లక్ష్మీబాయికి దక్కింది ఏంటి? వెంకటరావు దగ్గర గుంజుకున్న అర్పల్లి, ఘోట్ జమీందారీల్లోని 67 ఊళ్లు. సర్కారు తన జేబులోంచి తీసి ఇచ్చింది పైసా లేదు. ఒక గోండు జమీందారు భూమిని మరో గోండు జమీందారుకు మార్చింది, అంతే. అలా అహేరి మరింత పెద్దదైంది. చుట్టుపక్కల జమీందారులకు సంగతి బాగానే అర్థమై ఉంటుంది. సర్కారు మాట వింటే ఊళ్లు పెరుగుతాయి, కాదంటే ఊరే ఉండదు.

1861 నవంబరులో నాగపూర్, సాగర్-నర్మద ప్రాంతాలను కలిపి సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పాటు చేశారు. చాందా అందులో ఒక జిల్లా అయింది. సైనికాధికారులు డిప్యూటీ కమిషనర్లుగా రావడం ఇంకొన్నాళ్లు సాగింది. 1964 ప్రాంతంలో చాందా పేరు చంద్రపూర్‌గా మారింది. అప్పటికే జమీందారీలు లేవు. మధ్యప్రదేశ్ 1950లో చేసిన చట్టంతో 1951 మార్చి 31 నుంచి మాల్గుజారీ, జమీందారీ హక్కులన్నీ రద్దయ్యాయి. అప్పుడు చాందా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. అహేరితోపాటు క్రైటన్ ఉత్తరానికి బదులుగా వచ్చిన ఆ 67 ఊళ్లూ ఆ రోజే సర్కారుకు దఖలు పడ్డాయి.